కొండెక్కిన కెమెరా



ఫొటోల గురించి నాలుగు మాటలు చెప్పమని అడిగినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. నేను బడిలో పిల్లలకి చరిత్ర పాఠాలు చెప్పినదాన్నే గాని ఫొటోగ్రాఫర్ని కాను. అయితే 2018 అక్టోబరు నెలాఖరు నుంచి ఒక పని మాత్రం మానకుండా చేస్తున్నాను. పొద్దున్నే వాకిలి తుడిచి ముగ్గు పెట్టి, పాలు పొయ్యి మీద పెట్టేలోగా డాబా ఎక్కుతాను. పిట్టగోడ మీద ఒకచోట సుద్దతో గీత గీసి ఉంచాను. ఆ గీత మీద సెల్‌ఫోను ఆనించి, వాయవ్యంగా కనిపించే మహేంద్రగిరిని ఒక్క ఫొటో తీస్తాను. రెండోది తియ్యను. మబ్బు పట్టి కొండ కనబడకపోయినా ఆ మబ్బునే తీస్తాను.

మాది పలాస దాటి మందస వైపు వెళ్లే దారిలో ఒక పల్లె. మా వాళ్లకి ఈ కొండే వాతావరణ శాఖ. వర్షాకాలం వెళ్లేక, గాలి కడిగినట్టున్న రోజుల్లో కొండ నీలంగా, మడతలు లెక్కపెట్టుకోవచ్చు అన్నంత స్పష్టంగా ఉంటుంది. మాఘమాసంలో పొగమంచు. వేసవిలో ఉందా లేదా అన్నట్టు పల్చటి గీత. ఇవన్నీ చిన్నప్పట్నుంచీ చూసినవే, కాని వరసగా ఏడాది ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తేగాని, కొండ పూర్తిగా కనబడే రోజులు ఎంత తక్కువో నాకు తెలియలేదు. మనం ఎప్పుడూ కనబడుతుందనే అనుకుంటాం. కనబడని రోజులు మనకి గుర్తుండవు.

మహేంద్రగిరి ఎత్తు సుమారు 1500 మీటర్లు. సముద్రానికి అంత దగ్గరగా అంత ఎత్తుకొండ తూర్పుకనుమల్లో అరుదు. బారువ రేవుకి వచ్చే ఓడలవాళ్లకి అది గురుతు. ఈ కొండ మీద పుట్టిన మహేంద్రతనయ నదే బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి అని పిలిచే పాత రాతి గుళ్లున్నాయి. రాజేంద్రచోళుడి కాలపు తమిళ శాసనం ఒకటి అక్కడుంది. ముఖలింగం వైపు నుంచి ఏలిన గాంగరాజులు తమ శాసనాల్లో మహేంద్రాచలం మీది గోకర్ణేశ్వరుణ్ణి ఇలవేల్పుగా చెప్పుకున్నారు. పరశురాముడు ఇక్కడే తపస్సు చేస్తున్నాడని మన పెద్దల నమ్మకం. ఇంతచేసీ 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం జిల్లాని పంచినప్పుడు కొండ అటు పోయింది, టెక్కలి, సోంపేట వైపు పల్లెలు ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. పటం మీద గీత గీసినవాళ్లు కొండ కనబడకుండా అడ్డం మాత్రం పెట్టలేకపోయారు. శివరాత్రికి మందస వైపు నుంచి కాలిదారిన కొండెక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు.

మా నాన్నగారు అలా 1962 శివరాత్రికి ఎక్కారు. స్నేహితులు, వాళ్ల ఇల్లాళ్లు, పిల్లలు కలిపి ఓ పదిహేనుమంది. అప్పుడు నాకు మూడేళ్లట. నాన్న నౌపడలో ఉప్పు ఆఫీసు పనిమీద తిరిగేవారు. పర్లాకిమిడి చిన్న రైలు ఎక్కి దిగేవాళ్లందరితోనూ ఆయనకి స్నేహమే. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ ఊరికి వేయించుకున్న ఆ చిన్నరైలు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది; 1931కి గుణుపురం దాకా సాగింది. ఆ రైల్లో పరిచయమైన ఒకాయన దగ్గర నాన్న ఒక డబ్బా కెమెరా కొన్నారు. రీలుకి పన్నెండు బొమ్మలు. ఒక యాత్రకి ఒక రీలు, అంతకంటే ఖర్చు పెట్టడానికి అమ్మ ఒప్పుకునేది కాదు. కాబట్టి రెండు రోజుల కొండయాత్రకి మాకు మిగిలినవి పన్నెండు ఫొటోలు. అందులో మూడు పొగే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. కొండల మీదికి కెమెరా తీసుకెళ్లడం ఎంత యాతనో ఇవాళ సెల్‌ఫోను పట్టుకు తిరిగే మనకి ఊహకందదు. సామ్యూల్ బోర్న్ అనే ఇంగ్లీషు ఫొటోగ్రాఫరు 1863లో సిమ్లా నుంచి మొదటిసారి హిమాలయాల్లోకి బయల్దేరినప్పుడు వెంట ముప్పైమంది దాకా కూలీలున్నారు. ఆ రోజుల్లో ఫిలిం లేదు, గాజుపలకలే. అక్కడికక్కడే గుడారంలో చీకటి చేసుకుని, పలక మీద జిగట మందు పోసి అంతటా సమంగా పారేలా అటూ ఇటూ వంచి, వెండి మందులో ముంచి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి బొమ్మ తీసి, మళ్లీ తడి ఆరకముందే కడిగెయ్యాలి. పెనం మీద అట్టు పోసేటప్పుడు మనకుండే తొందరే, కాకపోతే ఆయన చేతులు మంచుకి కొంకర్లు పోతూ ఉండేవి. 1866లో ఆయన 18,600 అడుగుల మణిరంగ్ కనుమ మీద ఫొటో తీశాడు. చాలా ఏళ్లపాటు అంత ఎత్తున తీసిన ఫొటో లేదని చెప్పుకునేవారు. ఆ గాజు, ఆ మందు సీసాలు, ఆ గుడారం కనుమ పైదాకా మోసినవాళ్ల పేర్లు మనకి తెలీవు.

మన ఆడవాళ్లకి ఫొటో అంటే మొదట్లో భయం. తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందనేవారు. పరాయి మగవాడు అంతసేపు తేరిపార చూస్తాడన్నది అసలు ఇబ్బంది. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్‌గారు 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తు గోడలు, ఫొటో తీసేది ఇంగ్లీషు దొరసాని. అది నవాబుల ఇళ్ల సంగతి. మా వైపు మామూలు ఇళ్లకి స్టూడియో ముచ్చట ఎంతో ఆలస్యంగా వచ్చింది. కాశీబుగ్గలో మా పెద్దక్క పెళ్లయ్యాక బావగారితో దిగిన ఫొటో ఉంది. వెనక తెర మీద మంచు కొండలు, సరస్సు, హంస. స్టూడియో గుమ్మంలోంచి తల బయటికి పెడితే నిజం మహేంద్రగిరి కనిపిస్తుంది! దాన్ని వదిలి, ఎవరూ చూడని బొమ్మకొండ ముందు నిలబెట్టారు. అక్క మాత్రం ఆ ఫొటో చూసినప్పుడల్లా, "మేం కశ్మీరం వెళ్లేం కదే" అని నవ్వుతుంది.

ఫొటో దిగడం ఒక ఎత్తు, దిగాక దాన్ని "చెయ్యడం" ఇంకో ఎత్తు. స్టూడియోలో టచింగ్ చేసేవాడని ఒకడు కిటికీ దగ్గర వాలుబల్ల మీద కూచునేవాడు. సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగెటివ్ మీద ముఖంలో మచ్చలు, కళ్లకింద నలుపు సున్నాలు చుడుతూ పూడ్చేవాడు. నెగెటివ్‌లో నల్లగా పూడ్చినది కాగితం మీద తెల్లగా వస్తుంది గదా. అందుకే ఆ కాలపు ఫొటోల్లో మన అమ్మమ్మలందరూ ఒకే ఛాయ. అక్కర్లేని భాగం బ్లేడుతో గీకేవాడు, కాగితం మీద కుంచెతో దిద్దేవాడు, అడిగితే చీర అంచుకి రంగు కూడా వేసేవాడు. గొప్ప పనితనం, కాదనను. కాని ఏది అక్కర్లేదో ఎవరు నిర్ణయించారు? దీని సంగతి తర్వాత చెబుతాను.

ఫొటోలంటే అందానికి కాక, విద్య కోసం కొండలెక్కిన ఒకాయన కథ చెప్పాలి. ఆయనకీ మన పలాసకీ ఒక సంబంధం ఉంది. రాహుల్ సాంకృత్యాయన్. 1893లో ఉత్తరప్రదేశ్ అజంగఢ్ జిల్లాలో పుట్టారు. ఆయన రాసిన ఓల్గా-గంగ కథల్ని మన విజయనగరం చాగంటి తులసిగారి తెలుగులో మీలో చాలామంది చదివే ఉంటారు. 1929లో ఆయన మొదటిసారి టిబెట్టుకి వెళ్లారు. ఆ రోజుల్లో మన దేశం వాళ్లని నేపాలులోకి మామూలుగా రానిచ్చేవారు కాదు, శివరాత్రికి పశుపతినాథుడి దర్శనానికి వచ్చే యాత్రికుల్ని మాత్రం వదిలేవారు. ఆయన ఆ గుంపులో కలిసిపోయి లోపలికెళ్లి, అక్కడ చాటుగా ఉండి, వేషం మార్చుకుని, లామాలతో కలిసి కనుమలు దాటి లాసా చేరారు. శివరాత్రి యాత్ర ఎంతదూరం తీసుకెళ్లిందో చూడండి.

ఎందుకంత కష్టం? నలందా, విక్రమశిల విహారాలు నశించాక మన దేశంలో కనబడకుండా పోయిన సంస్కృత గ్రంథాలు, తాటాకుల మీద రాసినవి, టిబెట్టు మఠాల్లో మిగిలి ఉంటాయని ఆయన నమ్మకం. 1934, 1936, 1938లలో మళ్లీ వెళ్లారు. శాక్య, ఙోర్, షాలు మఠాల్లో ధూళి కొట్టుకుపోయిన గదుల్లో కట్టలు విప్పించి చూశారు. ధర్మకీర్తి ప్రమాణవార్తికం మూలం దొరికింది. మన నాగార్జునాచార్యుడి విగ్రహవ్యావర్తని మూలం కూడా షాలు మఠంలోనే దొరికి 1937లో అచ్చయింది. అంతవరకూ దాన్ని టిబెటన్, చైనా అనువాదాల్లోంచే చదవాల్సి వచ్చేది. మన కృష్ణాతీరంలో శ్రీపర్వతం మీద ఉండేవాడని చెప్పుకునే ఆచార్యుడి మాటలు హిమాలయాల అవతల తాటాకు మీద బతికి ఉండటం నాకు ఎప్పుడు తలుచుకున్నా వింతగానే ఉంటుంది.

మఠాలవాళ్లు తాటాకులు ఇవ్వరు. చేత్తో రాసుకోవాలి, లేదా ఫొటో తియ్యాలి. కొన్ని ఆయన కూచుని రాసుకున్నారు. మిగిలినవి ఫొటోలు. 1938 యాత్రలో ఫణి ముఖర్జీ అనే ఫొటోగ్రాఫరు వెంట వెళ్లాడు. రోజూ అదే పని: ఆకులు వరసగా చెక్కమీద పరచడం, ఫొటో తియ్యడం, తిరగెయ్యడం, మళ్లీ తియ్యడం. ఎండ ఉన్నంతసేపే పని. అలా తెచ్చిన నెగెటివ్‌లు పాట్నా చేరాయి. వాటిలో కొన్ని మసక. కొన్నిట్లో అంచు ఆకులు చెదిరి ఉంటాయి. ఆకు కదలకుండా గుచ్చిన పిన్ను తల కిందే ఒక అక్షరం ఉండిపోయింది ఇంకొన్నిట్లో. అయినా అవే ఆధారం. 1959లో పాట్నాలో అనంతలాల్ ఠాకూర్‌గారు జ్ఞానశ్రీమిత్రుడి గ్రంథాలు అచ్చువేసింది ఆ ఫొటోలు చదివే. తర్వాత జర్మనీకి కూడా వాటి ప్రతులు వెళ్లాయి. ఇవాళ్టికీ పండితులు ఆ మసక ఫొటోల్ని పెద్దవి చేసుకుని, వెలుగు పెంచుకుని, తగ్గించుకుని, ఒక్కొక్క అక్షరం పోల్చుకుంటూనే ఉన్నారు. వాళ్లదొక కట్టుబాటు ఉంది, అది నాకు చాలా నచ్చింది. పిన్ను కింద ఏ అక్షరం ఉంటుందో పండితుడికి తట్టినా దాన్ని మామూలు అక్షరంలా కలిపెయ్యడు. ఇది నా ఊహ అని తెలిసేలా గుర్తు పెట్టి వేస్తాడు.

ఇక పలాస సంగతి. రాహుల్‌జీ తాళపత్రాలతోనే ఆగిన మనిషి కాదు. 1939లో బీహారులో అమ్వారీ రైతుల తరఫున చెరుకు కోస్తూ సత్యాగ్రహం చేసి, జమీందారు మనిషి కర్రదెబ్బ తలమీద తిన్నారు. మరుసటేడు, 1940 మార్చి నెలాఖరులో, అఖిలభారత కిసాన్ సభ మన పలాసలో జరిగింది. దానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది ఆయన్నే. సభ నాటికి ప్రభుత్వం ఆయన్ని పట్టుకుని జైల్లో పెట్టింది. హిమాలయాలు నాలుగుసార్లు దాటిన మనిషిని పలాస స్టేషనులో దిగనివ్వలేదు. మా తాతగారు ఆ సభకి బండిమీద కొబ్బరికాయలు తోలినవారిలో ఒకరట. ఆ రోజులనాటి వేడి ఎలాంటిదంటే, సభ ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ మొదట్లో, మందస జమీలో గుడారి రాజమణిపురం దగ్గర కాల్పులు జరిగాయి. అడవిలో కలప కొట్టుకున్నారని రైతుల్ని పట్టుకుపోతున్న పోలీసుల్ని ఆడవాళ్లు అడ్డుకున్నారు. సాసుమాన గున్నమ్మ, మరికొందరు చచ్చిపోయారు. ఆమె అప్పటికి గర్భిణి. మా అమ్మ ఎప్పుడూ ఆమె పేరు ఒక్కటే అనదు, వీరగున్నమ్మ అనే అంటుంది.

సరే, మా ఇంటి సంగతికి వస్తాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. ఉద్దానం అంటే ఉద్యానం అని మనం గొప్పగా చెప్పుకునేదాన్ని ఆ ఒక్క పూట చదును చేసేసింది. జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, కొబ్బరిచెట్లు నడిమికి విరిగి వరసగా పడుకున్నాయి. మా ఇంటి పాత భాగం పెంకులు ఎగిరిపోయి, అమ్మ ట్రంకుపెట్టె నిండా నీళ్లు చేరాయి. అందులో బట్టలతోపాటు నాన్న ఆల్బం ఉంది.

ఎవరికైనా పనికొస్తుందేమోనని ఇది కొంచెం వివరంగా చెబుతాను. తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటే లాగకండి. ఫొటో కాగితం మీద బొమ్మ ఉండే పొర జెలటిన్. నీళ్లు తాగి ఉబ్బి, జిగురులా అయిపోతుంది. లాగితే ముఖం అవతలి కాగితానికి పోతుంది. పూర్తిగా ఆరితే మరీ గట్టిగా పట్టేస్తుంది. శుభ్రమైన చల్లని నీళ్లలో పళ్లెంలో వేసి, వాటంతట అవి విడిపోయేదాకా ఆగాలి. బురద ఉంటే నీళ్లలోనే మెల్లగా ఆడించాలి గాని బొమ్మ మీద వేలు పెట్టి రుద్దకూడదు. తర్వాత బొమ్మ పైకి ఉండేలా, నీడలో, పరిశుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టాలి. ఎండలో పెడితే అప్పడంలా చుట్టుకుపోతుంది. కరెంటు లేని ఆ రోజుల్లో నేనూ మా తోడికోడలూ వంటగదిలో పళ్లేలన్నీ పరిచి ఈ పనే చేశాం. సగం దక్కాయి. కొండయాత్రవి తొమ్మిదిలో నాలుగు.

కాని నెగెటివ్‌లున్నాయి. నాన్న వాటిని బిస్కట్ల డబ్బాలో పెట్టి, డబ్బా మూత చుట్టూ మైనం రాసి అటక మీద కొత్తింట్లో పెట్టించారు. ఉప్పు ఆఫీసు మనిషి కదా, తేమ ఏం చేస్తుందో తెలుసు. నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆయన జాగ్రత్త ఆ రోజు అక్కరకొచ్చింది.

నా మేనల్లుడు టెక్కలిలో కంప్యూటరు చదువు చదివాడు. వాడు ఆ నెగెటివ్‌లన్నీ స్కానింగు చేశాడు. మొదటి రోజు సాయంత్రం పిలిచి, "అత్తా, మన హాల్లో గోడమీదున్న ఫొటో ఇదే కదా?" అన్నాడు. అదే. భీముడి గుడి ముందు నాన్న, అమ్మ, స్నేహితులు నిలబడ్డ ఫొటో. 1962లోనే ఒక స్టూడియోలో పెద్దది చేయించి అద్దం కట్టించారు. యాభై ఆరేళ్లు చూశాం దాన్ని. అందులో ఎడమ పక్కన ఒక పొద ఉంటుంది.

"ఇక్కడ పొద లేదత్తా. మనిషుంది."

తెరమీద పెద్దది చేసి చూపించాడు. నిజమే. మాకు నాలుగడుగుల ఎడంగా ఒక సవర ఆడమనిషి. చెవులకి రింగులు, మోకాళ్లదాకా ముతక చీర, నడుం మీద ఒక పిల్ల. స్టూడియో ఆయన కుంచెతో ఆమెని పొద చేశాడు. కుటుంబం ఫొటో అన్నాక బయటి మనిషి ఎందుకనుకున్నాడో, నాన్నే చెప్పారో. నాన్న చెప్పి ఉండరనే అనుకోవాలని నాకుంది, కాని ఆ మాట గట్టిగా అనలేను.

అమ్మకి ఎనభై దాటాయి, చూపు తగ్గింది. తెర దగ్గరికి కుర్చీ జరిపి కూచోబెట్టాం. చాలాసేపు చూసి, "ఆ నడుం మీద గుంటవి నువ్వేనే" అంది.

"ఈవిడెవరమ్మా?"

"కొండ కింద నుంచి వచ్చింది మనతోటి. నువ్వు నడవలేవు, నానెత్తలేను, అప్పటికి తమ్ముడు నా కడుపులో ఉన్నాడు. పైదాకా నిన్ను మోసింది. రాత్రి చలికి ఏడిస్తే ఆయమ్మే ఒడిలో ఏసుకుంది. పొద్దున్న చోడంబలి నోట్లో ఎట్టింది. నా చేత తిననిదానివి, ఆయమ్మ చేత తిన్నావు."

"పేరు?"

అమ్మ ఏం మాట్లాడలేదు. కాసేపాగి, "అర్ధరూపాయి ఇచ్చేం. పేరెవులడిగేరే" అంది.

నేను బడిలో గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి ఎన్నిసార్లు పాఠం చెప్పానో. ఇక్కడి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకుని, 1931లో సవర భాషకి వ్యాకరణం రాసిన మహానుభావుడని. 1909లో థర్‌స్టన్ దొర ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల గురించి రాసి ఫొటోలు వేశాడని, వాటి కింద సాధారణంగా తెగ పేరే గాని మనిషి పేరుండదని కూడా పిల్లలకి చెప్పి, ఇది అన్యాయం కాదా అని అడిగేదాన్ని. ఇంట్లో గోడమీద నన్నెత్తుకున్న మనిషి పొదై నిలబడి ఉందని నాకేం తెలుసు.

మేనల్లుడికీ నాకూ తర్వాత పెద్ద వాదనే అయింది. కంప్యూటరుకి ఇప్పుడు రాని విద్య లేదు. గీతలు పూడుస్తుంది, మచ్చలు తుడుస్తుంది, చిరిగిన ముక్కకి ముక్క పుట్టిస్తుంది, నలుపు తెలుపుకి రంగులు కూడా వేస్తుంది. వాడు సరదాపడి రంగులు వేయించాడు. అమ్మ చీర ఆకుపచ్చగా వచ్చింది. అమ్మకి చెబితే ఒక్క మాట అంది: "పచ్చేటి? అది బరంపురం పట్టు, కుంకం రంగు." రంగు తెలియనిచోట ఆ యంత్రం ఏదో ఒకటి తోచింది వేస్తుంది. పిన్ను కింద అక్షరాన్ని ఊహ అని గుర్తు పెట్టి వేసే పండితుడి నిదానం దానికి లేదు. సవర అమ్మ ముఖం మీద నెగెటివ్‌లో ఒక గీత పడి ఉంది. వాడు దాన్ని తీయించబోతే యంత్రం ఆమెకి కొత్త కన్ను ఒకటి పెట్టింది. చక్కటి కన్నే, కాని ఆమెది కాదు. నేను ఒప్పుకోలేదు. దుమ్ము తుడవమన్నాను, బూజు మచ్చ తీసెయ్యమన్నాను. గీత అలాగే ఉండనిమ్మన్నాను. "అత్తా, పాడైనట్టు కనబడుతుంది" అన్నాడు. పాడయింది కదరా, కనబడనీ అన్నాను. పొద ఉన్న పాత ఫొటో కూడా పారెయ్యలేదు. రెండూ పక్కపక్కనే కట్టించాను.

మా పక్కింటి ఆమె వచ్చి ఆ రెండూ చూసి చాలాసేపు నిలబడిపోయింది. ఆమె భర్త కిడ్నీల జబ్బుతో నలభై ఆరో ఏట పోయాడు. ఉద్దానంలో ఈ జబ్బు ఎన్ని ఇళ్లలో ఎంతమందిని తీసుకుపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేకంగా కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అదైనా అతనికి ఆలస్యమే. అతనివి ఉన్నవి ఓటరు కార్డు మీది ఫొటో ఒకటి, ఊళ్లోవాళ్లతో బస్సులో శ్రీశైలం వెళ్లినప్పుడు కొండమలుపులో గుంపుగా తీయించుకున్నది ఒకటి. దినాలకి ఆ గుంపులోంచి అతని ముఖం తీసి పెద్దది చేయించారు. స్టూడియోవాళ్లు వెనక నీలిరంగు వేసి, మెడకింద నుంచి కోటు, టై తగిలించారు. పదిమందికీ అదే కోటు తగిలిస్తారు. దండ కింద అతను జిల్లా కలెక్టరులా ఉన్నాడు. ఆమె పైకేం అనలేదుగాని, నాతో ఒకసారి, "అమ్మా, ఆ కోటెవులిదమ్మా?" అంది.

ఇప్పుడు వచ్చి, ఆ శ్రీశైలం ఫొటో కొంగున కట్టుకుని తెచ్చి, "తువ్వాలు భుజమ్మీదే ఉంటాది, చూడండి. ఆ తువ్వాలు తోటి, ఎనక కొండ తోటి కావాల. చేసీగలడా బాబు?" అని అడిగింది. వాడు చేశాడు. పక్కనున్నవాళ్లని తీసెయ్యనా అని అడిగితే, "ఒద్దు బాబూ, ఆలు మా ఊరోలే కదా, ఉండనీ" అంది. రెండు చేతులు, ఒక భుజం, ఎవరిదో సగం ముఖం, వెనక నల్లమల, మధ్యలో తువ్వాలు వేసుకుని నవ్వుతూ అతను. ఇప్పుడు దండ దానికే.

సవర అమ్మ ఫొటో కాపీలు వేయించి, నిరుడు శివరాత్రికి కొండెక్కేవాళ్లతో పంపించాను. కొండ మొదట్లో పల్లెల్లో వృద్ధులెవరికైనా చూపించమని. అరవై ఏళ్లు దాటింది, ఆమె ఉండకపోవచ్చు. ఒక ఊళ్లో ఒక ముసలాయన చూసి, ఆ చెవి రింగులు తమ వైపువే అన్నాడట. మనిషిని మాత్రం పోల్చుకోలేకపోయాడు. ఫొటో అతని దగ్గరే ఉంచి వచ్చారు.

డాబా మీద ఫొటో సంగతితో మొదలుపెట్టాను కదా, అది చెప్పి సెలవు తీసుకుంటాను. తుపానుకి ముందు మా డాబా మీంచి మహేంద్రగిరి ఇంతగా కనబడేది కాదు, మధ్యలో మా కొబ్బరితోట ఉండేది. చెట్లన్నీ కూలాక, అక్టోబరు చివర్లో డాబా ఎక్కి చూస్తే మొత్తం కొండ ఒక్కసారి ఎదట నిలబడింది. అప్పుడే మొదలైంది ఈ రోజువారీ ఫొటో. మర్నాటి ఏడాది మొక్కలు వేశాం. మొదటి రెండేళ్ల ఫొటోల్లో అవి ఉన్నట్టే తెలీదు. తర్వాత కింద అంచున ఆకుల మొనలు. తర్వాత కొండ మొదలు కనబడటం మానేసింది. నిరుడు దీపావళి వెళ్లాక ఎడమవైపు శిఖరాన్ని ఒక మట్ట తాకింది. మేనల్లుడు చూసి, "ఫోనుని నాలుగడుగులు కుడికి జరుపుకో అత్తా, లేకపోతే ఇంకో రెండేళ్లలో నీకు కొండ ఉండదు" అన్నాడు. సుద్ద గీత జరపలేదు. ఆ ఎడమవైపు చెట్టే ఈ ఏడు మొదటి గెల వేసింది. అమ్మ కర్ర పట్టుకుని కిందికెళ్లి లెక్క పెట్టింది, తొమ్మిది పిందెలు.